నోంగ్ పాంటా సీసాలో పైన తేలే నూనె

మా ఊళ్ళో సలబాయ్ కుట్టినవాళ్ళకి వైద్యం చేసే పాంటలియోన్ గారు జీవితంలో ఎన్నడూ సముద్రంలో మోకాలి లోతు దాటి దిగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తరవాత వచ్చేవన్నీ అర్థం చేసుకోవడం తేలిక.

సలబాయ్ అంటే మా నీళ్ళలో తిరిగే జెల్లీచేప. గాజులా ఉంటుంది కాబట్టి కనపడదు. కింద దారాల్లాంటి తోకలు వేలాడుతుంటాయి. అవి ఒంటికి తగిలితే కొరడాతో కొట్టినట్టు వాతలు తేలతాయి. చాలామందికి రెండ్రోజులు మంటపెట్టి తగ్గిపోతుంది. కొందరు మాత్రం ఒడ్డుకి మోసుకొచ్చేలోపే పోతారు. ఎవరికి ఏది అవుతుందో ముందుగా ఎవరికీ తెలీదు. ఆ తెలియకపోవడం మీదే నోంగ్ పాంటా ఇల్లు కట్టాడు, మేడతో సహా. నోంగ్ అంటే అన్నగారని. ఊరంతటికీ ఆయన అన్నగారే.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆయన్ని ఒకసారి పడవెక్కించాడట. దిబ్బ దాటకముందే పిల్లాడు తిన్నదంతా కక్కి, తిననిది కూడా కక్కి, తెరచాప కొయ్యని కావలించుకుని ఏడ్చాడట. "వీడు చేపలకి పనికిరాడు, నూనెకి పనికొస్తాడు" అని తండ్రి తేల్చేశాడు. ఆ నూనె పేరు లానా. తండ్రికి తాత ఇచ్చాడు, తాతకి ముత్తాత ఇచ్చాడు.

లానా కాచేది గుడ్ ఫ్రైడే నాడు. తూర్పు వైపు కాసిన కొబ్బరికాయలే కొయ్యాలి. కోసినవాడు కిందికి దిగేదాకా మాట్లాడకూడదు. ఏవేవో వేర్లు, బెరళ్ళు వేసి, లాటిన్ ప్రార్థన గొణుగుతూ కాస్తారు. ఆ లాటిన్‌లో ఏముందని మా ఫాదర్ ఒకసారి అడిగితే, "అర్థమైతే పనిచెయ్యదు ఫాదర్" అన్నాడు నోంగ్ పాంటా. కొత్త నూనెని పాత నూనెలోనే కలపాలి, సీసా ఏనాడూ ఖాళీ కాకూడదు. అందులో ముత్తాత పోసిన మొదటి చుక్క ఇంకా ఉందని ఆయన చెప్పేవాడు. ఏటా పోస్తూ ఏటా వాడుతూ ఉంటే ఆ చుక్క ఏనాడో ఎవరి మోకాలికో పట్టిపోయి ఉంటుందని నా అనుమానం. కాని అనుమానం అనే మాట ఆయన గుమ్మంలో అనకూడదు. అంటే నూనె విరిగిపోతుంది.

వైద్యం ఇలా ఉండేది. సలబాయ్ కుట్టినవాణ్ణి ఇసకలో పడుకోబెట్టగానే ఆయనకి కబురు వెళ్ళేది. రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చేవాడు, అలలు తగలనంత దూరంలోకి రోగిని జరిపించేవాడు. మాడు మీద మూడుసార్లు ఊదేవాడు. అల్లం నమిలి ఉమ్మేవాడు. తరవాత వాతల మీద లానా పోసి, అరచేత్తో పైనుంచి కిందికి, బలంకొద్దీ రుద్దేవాడు. రుద్దితేనే విషం దిగుతుందని. రోగి అరిస్తే "చూశారా, వెళ్ళనని మొరాయిస్తోంది" అనేవాడు. అరవడం మానేస్తే "వెళ్ళిపోయింది" అనేవాడు. మర్నాటికి లేచి తిరిగితే అది లానా చలవ. కోడి వచ్చేది, బియ్యం వచ్చేవి, రమ్ము సీసా వచ్చేది. చచ్చిపోతే కబురు ఆలస్యంగా వచ్చిందనేవాడు, లేదా కంటికి కనపడని ఆత్మలకి కోపం వచ్చిందనేవాడు. ఆ రెండూ కుదరని చోట ఇంట్లోవాళ్ళెవరో నమ్మలేదనేవాడు. ఇన్నేళ్ళలో నూనె వల్ల ఒక్కడు కూడా చావలేదు. అంత మంచి నూనె అది.

మా ఆయన జెనోన్‌ని తొడలోతు నీళ్ళలో వల లాగుతుంటే సలబాయ్ పట్టింది. పొద్దున్నే, కబురు ఆలస్యం కాలేదు. నోంగ్ పాంటా ఇల్లు దూరమైనా ఆ రోజు ఆయన మా పక్కింట్లో కాఫీ తాగుతున్నాడు. నేను వెళ్ళేసరికి తోకలు ఇంకా తడి సేమియాలా తొడలకి అతుక్కునే ఉన్నాయి. నోంగ్ పాంటా వాటి మీదే నూనె పోసి రుద్దడం మొదలెట్టాడు. జెనోన్ ఒకసారి నా వైపు చూశాడు, పొయ్యి మీద అన్నం మాడుతోందేమో చూడమన్నట్టు. అంతే, మళ్ళీ చూడలేదు.

నోంగ్ పాంటా చేతులు తుడుచుకుని లేచాడు. అందరూ వినేలా అన్నాడు, "డై, నూనె చెయ్యాల్సింది చేసింది. నీ మనసులోనే ఏదో అడ్డం పడింది."

డై అంటే చెల్లీ అని. తప్పు చెల్లెలి మీదే పడేశాడు అన్నగారు. జెనోన్ పోయాక జరిగిన తొమ్మిది రోజుల ప్రార్థనలకి వచ్చినవాళ్ళు నేనిచ్చిన కాఫీ తాగుతూ, నేనిచ్చిన బిస్కట్లు నంచుకుంటూ, నా విశ్వాసం ఏ లోతున ఉందో నా మొహంలో వెతికేవాళ్ళు. కొందరికి కనపడింది కూడానట.

తరవాతి ఎండాకాలంలో యూనివర్సిటీ నుంచి ఒఫీలియా మేడమ్ వచ్చింది. సలబాయ్‌ని పట్టి, దాని విషం తీసి, ఏదో చదువుతుందట. మా ముందు గది అద్దెకి తీసుకుంది. ఆవిడా ఆవిడ విద్యార్థులూ నీళ్ళలో దిగేటప్పుడు ఆడవాళ్ళ పొడుగు మేజోళ్ళు కాళ్ళకీ చేతులకీ తొడుక్కునేవాళ్ళు, మగపిల్లలు కూడా. ఊరి మగాళ్ళంతా చూడ్డానికి ఒడ్డున చేరేవాళ్ళు. "ఏరా, లిప్‌స్టిక్ మర్చిపోయావు" అని అరిచేవాళ్ళు. ఆ పిల్లలు సాయంత్రం దాకా నీళ్ళలో ఉండి ఒక్క వాత లేకుండా బయటికొచ్చేవాళ్ళు. అరిచినవాళ్ళలో ఇద్దరు అదే వారంలో నోంగ్ పాంటా చేతికింద పడ్డారు. అయినా మేజోళ్ళు మాత్రం తొడగలేదు. మగతనం పోతుందని.

మేడమ్ నా వంటింట్లోనే తినేది. ఒకరోజు చేపచారు మీద తేలుతున్న నూనె చుక్కల్ని చెంచాతో కదుపుతూ కూర్చుంది.

"నాంగ్ సెలే, మీ వంటలోనే ఉంది నా చదువంతా" అంది. నాకంటే పెద్దదే అయినా మర్యాదకి నన్ను అక్కా అనేది. "మన ఒంట్లో ప్రతి కణమూ ఇలాంటి నూనె పొర కప్పుకుని ఉంటుంది. చాలా పల్చటిది, రెండు వరసలు. లోపలా నీళ్ళే, బయటా నీళ్ళే. మధ్యలో ఈ నూనె ఉంది కాబట్టే లోపలిది లోపలా బయటిది బయటా ఉంటోంది."

"మరి తిండి లోపలికెలా వెళ్తుంది మేడమ్, అంతా మూసేస్తే?"

"తలుపులుంటాయి. అవి ప్రొటీనుతో చేసినవి. గుడ్డులో తెల్లసొన, చేపలో కండ, అదే సరుకు. నీళ్ళకో తలుపు, ఉప్పుకో తలుపు, చక్కెరకో తలుపు. ఎవర్ని రానివ్వాలో, ఎప్పుడు మూసుకోవాలో వాటికి తెలుసు. నూనె ఒక్కటే ఉంటే ఉప్పన్నది ఇటునుంచి అటు పోదు."

"మా రేవులో కాపలావాళ్ళ కంటే నయమే."

మేడమ్ నవ్వింది. "సలబాయ్ విషం కూడా ప్రొటీనే. కాకపోతే దొంగ తలుపు. నాలుగైదు ముక్కలు వచ్చి ఆ నూనె పొరలో గుండ్రంగా కూర్చుంటాయి, నడుమ కన్నం. ఆ కన్నానికి మూత ఉండదు. లోపల ఉండాల్సిన ఉప్పు బయటికి కారిపోతుంది, బయటి నీళ్ళు లోపలికి దూరతాయి. కణం ఉబ్బి చిరిగిపోతుంది. ఒకేసారి బోలెడు కణాలు అలా కారాయంటే ఇక గుండె తట్టుకోలేదు."

నేను చారు కలుపుతున్నాను. కాసేపయ్యాక అడిగాను, "రుద్దితే?"

మేడమ్ చెంచా కింద పెట్టింది. "తోకలు ఒంటికి అతుక్కుని ఉండగానా? వాటినిండా చిన్న చిన్న విషం తిత్తులుంటాయి నాంగ్. ముందు పేలేవి కొన్నే. రుద్దితే మిగతావి కూడా పేలతాయి. వెనిగర్ పోస్తే పేలకుండా ఆగుతాయి. తరవాత వేణ్ణీళ్ళు. వేడికి గుడ్డు తెల్లసొన గట్టిపడినట్టే ఈ ప్రొటీను కూడా పాడవుతుంది, కన్నం వెయ్యడం చేతకాదు. ఎందుకడిగారు?"

"ఊరికే" అన్నాను. చారులో ఉప్పు రెండోసారి వేశానని తినేటప్పుడు తెలిసింది. మేడమ్ మాత్రం గిన్నె ఖాళీ చేసింది.

ఊరి పెద్ద కాప్ దాదోకి ఫొటో దిగడమంటే ఇష్టం. అందుకని మేడమ్ చేత బాస్కెట్‌బాల్ కోర్టులో ఒక ప్రదర్శన పెట్టించాడు. ఆ రోజు ఊరి పండగకి కోసిన పంది రక్తం కొంచెం, గడ్డకట్టకుండా ఏదో పొడి వేసి, మేడమ్ ముందే పక్కన పెట్టుకుంది. ఊరంతా వచ్చింది. నోంగ్ పాంటా తెల్లచొక్కా తొడుక్కుని, లానా సీసా ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన భార్య నాంగ్ బసిలీసా పక్కన నిలబడి విసురుతోంది. ఆయనకి చెమటపడితే నూనెకి మంచిది కాదట.

మేడమ్ నాలుగు గాజు గొట్టాల్లో ఉప్పునీళ్ళలో కలిపిన రక్తం పోసింది. ఎర్రగా, చిక్కగా, మబ్బుగా ఉంది. గొట్టాల వెనక పేపరు పెట్టింది. అక్షరం కనపడలేదు. మొదటిదాన్ని అలాగే వదిలేసింది. రెండోదాంట్లో సలబాయ్ విషం చుక్క వేసింది. మూడోదాంట్లో వేణ్ణీళ్ళలో పెట్టి తీసిన విషం. జనం పాప్‌కార్న్ తింటూ చూస్తున్నారు. కాసేపటికి రెండో గొట్టంలో మబ్బు విడిపోయింది. రంగు ఎర్రగానే ఉంది, కాని వైన్‌లా తేటగా.

"కాప్, ఇప్పుడు చదవండి" అంది మేడమ్.

కాప్ దాదో కళ్ళద్దాలు సర్దుకుని గొట్టంలోంచి చదివాడు, "మటన్... కాదు, మంత్రి... రేపు పర్యటన."

"రక్తకణాల చుట్టూ ఉన్న పొరకి కన్నాలు పడ్డాయి. అవి చిరిగిపోయాయి కాబట్టే వెలుగు దూరుతోంది. మూడోదాంట్లో విషం వేడికి పాడైంది, అందుకే ఇంకా మబ్బుగా ఉంది. కుట్టినచోట వెనిగర్ పోయండి, రుద్దకండి. తోకలు పుల్లతో తియ్యండి. తరవాత వేణ్ణీళ్ళు, కాలకూడదు, కాని ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలి. ఆపైన ఆసుపత్రి."

నోంగ్ పాంటా లేచాడు. "నాలుగోదాంట్లో ఏమీ వెయ్యలేదు మేడమ్" అన్నాడు.

మేడమ్ ఆయన్నే రమ్మంది. ఆయన ప్రార్థన చేసి నాలుగో గొట్టంలో లానా పోశాడు. మేడమ్ విషం చుక్క వేసింది. నూనె పైకి తేలి బంగారంలా మెరుస్తూ కూర్చుంది. దాని కింద రక్తం తీరిగ్గా తేటపడింది. కాప్ దాదో అడక్కుండానే వంగి మంత్రి పర్యటన ఇంకోసారి చదివాడు.

నాకు ఆ క్షణంలో ఏదో తెరిపి ఇచ్చినట్టనిపించింది. కాని నోంగ్ పాంటాని నేను తక్కువ అంచనా వేశాను.

"మేడమ్, కణం చుట్టూ ఉన్నది ఏమిటన్నారు?" అన్నాడు నింపాదిగా.

"నూనె లాంటి పొర."

"నూనె." ఆయన జనం వైపు తిరిగాడు. "మరి కన్నం పడేది దేనికి?"

"ఆ పొరకే."

"వల చిరిగితే దేంతో అతుకు వేస్తాం?"

"దారంతో" అన్నారు జనం.

"పడవకి చిల్లుపడితే?"

"చెక్కతో."

"నూనెకి కన్నం పడితే?"

జనానికి ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది. మేడమ్ చెయ్యెత్తి, "అది వేరే నూనె నోంగ్, ఇది వేరే. మీ నూనె చర్మం దాటి అక్కడికి పోదు. గొట్టంలో మీ కళ్ళతో మీరే చూశారుగా" అంది.

"గొట్టానికి విశ్వాసం లేదు మేడమ్" అన్నాడు నోంగ్ పాంటా. "పందికీ లేదు."

చప్పట్లు మోగిపోయాయి. నాంగ్ బసిలీసా విసనకర్ర కూడా మర్చిపోయి కొట్టింది. ఆ రోజు ఫొటోలో మధ్యలో ఉన్నది నోంగ్ పాంటాయే. మేడమ్ భుజం ఒకటి కనిపిస్తుంది, అంతే.

అప్పటినుంచి ఆయన వైద్యంలో ఇంకో మెట్టు చేరింది. ఊదేముందు, "నూనెకి నూనె. ఇది యూనివర్సిటీ మాట" అనేవాడు. పక్క దీవినుంచి కూడా రోగులొచ్చేవాళ్ళు. మునపటిలాగే రుద్దేవాడు, ఇంకా గట్టిగా. ఇప్పుడు అతుకు కూడా వెయ్యాలి కదా.

మేడమ్ వెళ్తూ ఒడ్డున ఒక స్తంభం పాతించి దానికి వెనిగర్ సీసా కట్టించింది. అది ఆ సాయంత్రం దాకా ఉంది. మా మగాళ్ళు ఒడ్డున కూర్చుని రమ్ము తాగేటప్పుడు కినిలావ్ చేసుకుంటారు. అప్పుడే పట్టిన చేపని ముక్కలు చేసి, పచ్చిదాన్నే వెనిగర్‌లో వేస్తే చాలు, పొయ్యి అక్కర్లేదు. చేతికందే ఎత్తులో వెనిగర్ ఉచితంగా వేలాడుతుంటే ఇంటిదాకా నడిచి వెళ్ళేవాడు ఎవడు? కాప్ దాదో మళ్ళీ కట్టించాడు, మళ్ళీ పోయింది. "సలబాయ్ కుట్టినవారికి మాత్రమే" అని బోర్డు రాయించాడు. "మమ్మల్ని ఆకలి కుట్టింది కాప్" అన్నాడొకడు. "మిరపకాయలు కూడా కట్టించండి, రోజూ తెచ్చుకోవాలంటే కష్టంగా ఉంది" అన్నాడు ఇంకొకడు. కాప్ ఆ రెండోవాడి చేపముక్క తీసుకుని తిన్నాడని నాకు తెలుసు. మా పెరట్లోంచి ఒడ్డు కనపడుతుంది.

ఆ ఎండాకాలం పోయింది, ఇంకోటి వచ్చింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక పిల్లలు ఆటుకి వెనక్కి తగ్గిన నీళ్ళలో గవ్వలేరుతున్నారు. వాళ్ళలో నోంగ్ పాంటా మనవరాలు రిజలీన్ ఉంది. కూతురు మనీలాలో పనిచేస్తుంటే ఆ పిల్లని పెంచింది ఆయనే. నీళ్ళంటే ఆయనకెంత భయమో ఆ పిల్లకి అంత ఇష్టం. అరుపు విని నేను పెరట్లోంచి చూసేసరికి పిల్లని ఎవరో ఇసకలోకి మోసుకొస్తున్నారు. రెండు పిక్కలకీ తోకలు చుట్టుకుని ఉన్నాయి, తడి సేమియాలా.

వంటింట్లో వెనిగర్ జగ్గు పట్టుకుని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి కాప్ దాదో స్తంభం దగ్గర ఖాళీ సీసా ఊపుతున్నాడు. అడుగున మిరపగింజ ఒకటి అతుక్కుని ఉంది.

నోంగ్ పాంటా పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం చూడ్డం అదే మొదటిసారి. బూట్లు లేవు, చేతిలో లానా సీసా ఉంది. మాడు మీద ఊదలేదు, అల్లం లేదు. మోకాళ్ళ మీద కూలబడి, నూనె అరచేతిలోకి వంపుకున్నాడు. చుట్టూ ఊరంతా ఉంది. పిల్ల పెదవులు తెల్లబడుతున్నాయి.

"రుద్దండి, ఇంకా చూస్తారేం?" అంది నాంగ్ బసిలీసా. "ఏమండీ, రుద్దండి. మీ చేతిలోనే ఉంది కదా, ఇంకెవరికోసం చూస్తున్నారు?"

ఆయన చెయ్యి పిల్ల పిక్క మీద జానెడెత్తున ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి నూనె ఇసకలోకి కారుతోంది. ఆయన ఆ తోకల్ని చూశాడు. తలెత్తి, నా చేతిలో జగ్గుని చూశాడు.

"నోంగ్" అన్నాను.

"ఊరి ముందు ఎందుకండీ ఆ ఆలోచన, మీ నాన్న అయితే ఈపాటికి—" అని నాంగ్ బసిలీసా ఏడుస్తోంది.

"నోర్ముయ్యవే" అన్నాడు. "డై, ఆ జగ్గు ఇలా తే."

ఇచ్చాను. అరచేతిలో మిగిలిన నూనెని అందులోకి వంచాడు. పెదవులు కదిపాడు, ఆయన జీవితంలో అంత చిన్న ప్రార్థన ఎవరూ వినలేదు. "ఇది లానా కలిపిన వెనిగర్. మా తాత ఇలాగే పోసేవాడు" అని అందరికీ వినపడేలా అని, జగ్గు మొత్తం పిల్ల కాళ్ళ మీద పోసేశాడు. తాత కొబ్బరి కల్లు తప్ప దేన్నీ పోసినవాడు కాదు, అదీ తన గొంతులోకే. కాని ఆ మాట అనడానికి ఎవరికీ తీరిక లేదు.

"ఎవడూ చెయ్యి వెయ్యకండి" అంటున్నాడు. "రుద్దారంటే చంపేస్తా. పుల్ల తెండి. వేణ్ణీళ్ళు, వేణ్ణీళ్ళు పెట్టండి ఎవరైనా. కాలకూడదు, కాని ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలి. కాప్, నీ ఫొటోలు తరవాత, పడవ తియ్యి, ఆసుపత్రికి."

నేను వేణ్ణీళ్ళకోసం ఇంటికి పరిగెడుతూ ఆ మాటలు విన్నాను. కాలకూడదు, కాని ఓర్చుకోగలిగినంత. మేడమ్ కోర్టులో చెప్పిన మాటలు, అక్షరం పొల్లుపోలేదు. అంటే ఆ రోజు ముందు వరసలో కూర్చుని, ఒళ్ళో సీసా పెట్టుకుని, ఈయన అంతా విన్నాడు. విని, అర్థం చేసుకుని, లేచి నిలబడి వల గురించీ పడవ గురించీ అడిగాడు. ఆ రోజుకీ ఈ రోజుకీ మధ్య ఎంతమంది కాళ్ళు రుద్దాడో, పక్క దీవినుంచి వచ్చి తిరిగి వెళ్ళనివాళ్ళెవరో, అదంతా తెలిసే రుద్దాడు. వాళ్ళెవరూ ఆయన మనవళ్ళు కాదు కదా.

రిజలీన్ బతికింది. పిక్కల మీద తాడు వేసి కట్టినట్టు మచ్చలు మిగిలాయి. చూపించమంటే గొప్పగా చూపిస్తుంది.

నోంగ్ పాంటా కొన్నాళ్ళు గడప దాటలేదు. సిగ్గుపడ్డాడేమో అనుకున్నాను. కాదు, లేబుల్ వేయిస్తున్నాడు. తరవాత ప్రతి కొట్లోనూ కొత్త సీసాలు కనపడ్డాయి. సీసా నిండా వెనిగర్, పైన వేలెడు మందాన లానా, మీద ఆయన ఫొటో, కోర్టులో దిగిందే. మేడమ్ భుజం కూడా అలాగే ఉంచాడు, యూనివర్సిటీ గుర్తుగా. "తాతల నాటి రహస్యం. పొయ్యండి, రుద్దకండి" అని రాసి ఉంది. రుద్దడం తప్పని ఆయన తాతకి తెలుసని మాకెవరికీ తెలీదు. ఊరు వెంటనే నమ్మింది. నిన్నటిదాకా రుద్దించుకున్నవాళ్ళే, "రుద్దకూడదని నోంగ్ ఎప్పుడో చెప్పాడుగా" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. మేడమ్ ఎండాకాలమంతా చెప్పి చేయించలేనిది ఆయన ఫొటో చేయించింది. ఇవాళ మా రేవులో ఆ సీసా వేలాడని పడవ లేదు. మగాళ్ళు మేజోళ్ళు మాత్రం ఇప్పటికీ తొడగరు. దానికి తాతల నాటి రహస్యం ఇంకా దొరకలేదు.

ఒకరోజు ఆయనే మా గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో సీసా.

"డై, ఇది నీకు. జెనోన్ పడవకి కట్టు. ఇప్పుడు మీ మరిది తీసుకెళ్తున్నాడటగా."

"అవును నోంగ్."

వెళ్ళకుండా నిలబడ్డాడు. గేటు మీద పెయింటు గోటితో గీకాడు. "ఆ రోజు నీ గురించి ఒక మాట అన్నాను. నీ మనసులో అడ్డం ఉందని. దాన్ని నేను సర్దుతాలే, ఊళ్ళో."

"ఏమని సర్దుతారు?"

"నువ్వే చెప్పు."

"'అడ్డం పడింది నా చెయ్యే' అని మీ నోటితో చెప్పండి."

ఆయన గేటు మీంచి చెయ్యి తీసేశాడు. మొహంలో ఎప్పుడూ చూడని రంగు ఒకటి వచ్చి పోయింది. తరవాత లోగొంతుతో అన్నాడు, "అలా చెప్తే ఈ సీసా ఎవరు నమ్ముతారు డై? రేపు పడవల్లోంచి తీసి పారేస్తారు."

అది నిజం. ఆయన నోట నేను విన్న మొదటి నిజం, అదీ ఆయనకి పనికొచ్చేదే. నా మీద ఉన్న మాట పోవాలంటే ఈ సీసాలు పోవాలి. సీసాలు ఉండాలంటే నా మనసులో అడ్డం అలాగే ఉండాలి. నేను సీసా తీసుకుని ఎండలో పట్టుకుని చూశాను. కింద మబ్బుగా వెనిగర్, పైన పసుప్పచ్చగా లానా, రెంటికీ మధ్య గీత గీసినట్టు ఉంది.

"పోనీ నూనె తీసేసి ఇవ్వండి నోంగ్. అది దేనికీ పనికిరాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు."

అప్పుడాయన మళ్ళీ మామూలు నోంగ్ పాంటా అయ్యాడు. నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"పిచ్చిదానా, నూనె తీసేస్తే అది ఉత్త వెనిగర్. ఉత్త వెనిగర్‌ని ఈ ఊళ్ళో ఏం చేస్తారో ఆ స్తంభాన్ని అడుగు. లానా పడ్డదాన్ని ఎవడూ కినిలావ్‌లో పోసుకోడు, కడుపుబ్బి చస్తానని భయం. ఆ నూనె లేకపోతే ఒక్క సీసా రాత్రి దాటదు."

ముత్తాత నుంచి ఇన్ని తరాలు కాచిన నూనె, తాగుబోతుల నుంచి వెనిగర్‌ని కాపాడుతోంది. దానికి ఇంతకు ముందు ఇంకే పనీ చేతనైనట్టు నేను వినలేదు.

సాయంత్రం వెళ్ళి సీసాని పడవలో కట్టాను, జెనోన్ టోపీ తగిలించుకునే మేకుకి. ఫొటో ఉన్న వైపు చెక్కకి తిప్పి కట్టాను.